పెద్ద వయసులో మందులు, హాబీలు రెండూ ఎలా సర్దుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

రిటైర్ అయ్యాక బొమ్మలు వేద్దామనో, పాట నేర్చుకుందామనో, రాసుకుందామనో అనుకున్నవాళ్ళందరికీ దాదాపు ఒకే రకం అనుమానాలు వస్తుంటాయి. మందుల టైముకీ హాబీకీ పొసగట్లేదని, వేళ్ళు నొప్పెడుతున్నాయని, ఈ వయసులో ఇదంతా ఎందుకని. అడిగిన ప్రతిసారీ అదే చెప్పాల్సి వస్తోంది కాబట్టి ఒక్కచోట రాసి పెడుతున్నా. ఏ ప్రశ్న కావాలంటే దానికి నేరుగా వెళ్ళిపోండి, ప్రతి జవాబూ విడిగా చదివినా అర్థమవుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఆరోగ్యం ఒక పని, హాబీ ఇంకో పని అని రెండూ విడదీసి పెట్టుకోవడం దగ్గరే చిక్కంతా వస్తోంది. చెయ్యి ఎందుకు బాగుండాలి, కన్ను ఎందుకు బాగుండాలి అంటే మీ దగ్గర ఒక సమాధానం ఉండాలి, అది మీ డాక్టర్‌కి కూడా తెలిసుండాలి.

## ఇంకా మొదలుపెట్టనివాళ్ళకి

నాకు 70 దాటాయి, ఇప్పుడు మొదలుపెడితే ఏమొస్తుందండీ?

వస్తుంది, కాకపోతే పాతికేళ్ళప్పుడు వచ్చినంత స్పీడుగా రాదు. వేళ్ళకి కొత్త కదలిక అలవాటవడానికి ఎక్కువ రోజులు పడుతుంది, నిన్న నేర్చుకున్నది ఇవాళ కొంత జారిపోతుంది, కానీ ఏది బాగుంది ఏది బాలేదు అని పసిగట్టే చూపు మాత్రం మీకు చిన్నవాళ్ళకంటే ఎక్కువే ఉంటుంది, నేర్చుకునేటప్పుడు అది చాలా పనికొస్తుంది. గ్రాండ్‌మా మోజెస్ అని అందరూ పిలిచిన అమెరికా చిత్రకారిణి అన్నా మేరీ రాబర్ట్‌సన్ మోజెస్ (1860–1961) మొదట్లో ఎంబ్రాయిడరీ చేసేవారు, కీళ్ళనొప్పులతో సూది పట్టుకోవడం కష్టమయ్యాక 70ల్లో బ్రష్ పట్టారు, 101 ఏళ్ళు బతికారు. అంటే ఆవిడ బొమ్మలు మొదలుపెట్టిందే ఒళ్ళు సహకరించక! అందరికీ అంత పేరు రావాలని కాదు నేను చెప్పేది, ఒక పని చెయ్యలేకపోతే పక్కనే ఇంకోటి ఉంటుందని.

మెదడుకి ఏ హాబీ మంచిది?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళకి నేను ముందు చెప్పేది, హాబీని మందులాగా ఎంచుకోవద్దు, నాలుగు రోజుల్లో విసుగొచ్చి మానేస్తారు. ఇష్టమైనది చూసుకోండి, అందులో కొంచెం కష్టమైన భాగం ఉండేలా చూసుకోండి, అంతే. 2014లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో 60 నుంచి 90 ఏళ్ళ వాళ్ళకి మూడు నెలలపాటు వారానికి సుమారు 15 గంటలు డిజిటల్ ఫోటోగ్రఫీ గానీ క్విల్టింగ్ అనే గుడ్డముక్కల కుట్టుపని గానీ నేర్పించారు, ఊరికే నలుగురితో కలిసి కబుర్లతో గడిపినవాళ్ళకంటే ఇలా కొత్తది నేర్చుకున్నవాళ్ళ జ్ఞాపకశక్తి మెరుగైంది. తెలిసిందే మళ్ళీ మళ్ళీ చేయడం హాయిగా ఉంటుంది, తప్పేం లేదు, కానీ పదేళ్ళుగా అల్లుతున్న డిజైనే అల్లుతుంటే మెదడుకి పని పడదు. కొత్త డిజైన్ ఒకటి పట్టుకోండి.

ముందు ఆరోగ్యం సెట్ అయ్యాక హాబీ మొదలుపెడదామనుకుంటున్నా, కరెక్టేనా?

నేనైతే వద్దంటాను. బీపీ, షుగర్, కీళ్ళవాతం లాంటివి ఒకరోజు సెట్ అయిపోయి వెళ్ళిపోయేవి కావు, మనతోనే ఉంటాయి. అవి పూర్తిగా కుదుటపడాలని ఎదురుచూస్తే ఆ రోజు రాదు, ఈలోపు ఏళ్ళు గడిచిపోతాయి. రోజుకి పదిహేను నిమిషాలతో ఇప్పుడే మొదలుపెట్టండి. ఆగాల్సిన సందర్భాలు కూడా ఉన్నాయి: ఈమధ్యే గుండెకి ఏదైనా జరిగినా, ఆపరేషన్ అయినా, కారణం తెలియకుండా కళ్ళు తిరుగుతున్నా ముందు చూపించుకోండి.

డాక్టర్‌కి నా హాబీ సంగతి కూడా చెప్పాలా? నవ్వుతారేమో.

చెప్పి తీరాలి. ఈ పేజీ మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకోమంటే నేను ఇదే చెప్తా. ఒకే జబ్బుకి రెండు మూడు రకాల మందులుంటాయి, వాటి సైడ్ ఎఫెక్టులు వేరువేరుగా ఉంటాయి, మీరు రోజంతా చేతులతో ఏం చేస్తారో తెలిస్తే దాన్నిబట్టి ఎంచుకోవచ్చు. ఉదాహరణకి బీపీకి ఇచ్చే మందుల్లో ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి కొంతమందికి పొడిదగ్గు తెప్పిస్తాయి. మామూలు మనిషికి అది చిన్న చికాకు, పాడేవాళ్ళకి మాత్రం సాధన మొత్తం ఆగిపోతుంది. ఆయాసానికి పీల్చే సాల్‌బ్యుటమాల్ చేతులకి వణుకు తేవచ్చు, సన్నటి గీతలు గీసేవాళ్ళకి అది పెద్ద విషయం. గ్లాకోమా (కంట్లో ఒత్తిడితో చూపు నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్ళు గట్టిగా ఊది వాయించే వాయిద్యాలు వాయిస్తే ఆ కాసేపూ కంట్లో ఒత్తిడి పెరుగుతుంది, కంటి డాక్టర్‌కి మీరు ట్రంపెట్ వాయిస్తారని తెలియకపోతే ఆ మాట ఆయనెలా చెప్తారు? రక్తం పలచబడే మందు వాడుతూ చెక్కమీద ఉలితో పని చేసేవాళ్ళది కూడా అంతే.

చెప్పేటప్పుడు "టైంపాస్‌కి ఏదో చేస్తుంటానండీ" అనకండి. "నేను రోజూ గంటసేపు వయొలిన్ వాయిస్తాను, నాకు ఎడమచేతి వేళ్ళు ముఖ్యం" అని సూటిగా చెప్పండి. ఫైల్ మొదటి పేజీలో మందుల లిస్టు కింద ఒక లైన్ రాసి పెట్టుకుంటే కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు కూడా మర్చిపోరు.

## రోజు టైం ఎలా సర్దుకోవాలి

పొద్దున లేచిన దగ్గర్నుంచి టాబ్లెట్లు, వాకింగ్, షుగర్ చూసుకోవడం, వీటికే సరిపోతోంది. ఇంక హాబీకి టైమెక్కడ?

చాలామంది చేసేదేంటంటే ఆరోగ్యం పనులన్నీ ముందు పెట్టుకుని మిగిలిన టైం హాబీకి ఇస్తారు, అప్పటికి సాయంత్రం అవుతుంది, ఓపిక ఉండదు, కన్ను లాగుతుంది, రేపు చూద్దాంలే అనుకుంటారు. తిరగేసి చూడండి. రోజులో మీ ఒళ్ళు తేలిగ్గా, మనసు చురుగ్గా ఉండే టైం ఏదో ఒక వారం గమనించి ఆ టైం ముందు హాబీకి రాసేసి, మిగతావి దాని చుట్టూ సర్దండి. కీళ్ళనొప్పులున్నవాళ్ళకి లేవగానే వేళ్ళు బిగుసుకుని ఉంటాయి కాబట్టి పొద్దున కొంచెం పొద్దెక్కాక బాగుంటుంది. ఒంట్లో నీరు తగ్గడానికి ఫ్యూరోసిమైడ్ లాంటి మందు వేసుకునేవాళ్ళకి వేసుకున్న తర్వాత కొన్ని గంటలు బాత్రూమ్‌కి తిరగడమే సరిపోతుంది, ఆ టైంలో సాధనకి కూర్చుంటే చికాకు తప్ప ఏం మిగలదు.

ఇంకోటి, రోజుకి ఆరుసార్లు మందులు పడుతుంటే వాటిని మూడుసార్లకి తేగలమా అని డాక్టర్‌ని అడగండి, చాలాసార్లు కుదురుతుంది. మీ అంతట మీరు మాత్రం కలిపేయొద్దు. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి, కాల్షియం, ఐరన్ మాత్రలు దానికి నాలుగు గంటలు ఎడంగా ఉండాలి, ఇలాంటివి లోపల చాలా ఉంటాయి. టెస్టులూ అపాయింట్‌మెంట్లూ వీలైనంతవరకు ఒకే రోజుకి పెట్టించుకుని, వారంలో కనీసం రెండు రోజులు ఆసుపత్రి మాటే లేకుండా ఉంచుకోండి. ఆ రెండు రోజులూ మీవి.

బొమ్మ వేస్తూ కూర్చుంటే టాబ్లెట్ సంగతే గుర్తుండదు, ఏం చెయ్యాలి?

మందుని హాబీ ముందు పెట్టండి. రంగుల పెట్టె తెరిచే ముందు టాబ్లెట్ వేసుకోవాలి, హార్మోనియం మూత తీసే ముందు టాబ్లెట్ వేసుకోవాలి, ఇలా ఒక పనికి ఇంకో పని ముడివేస్తే అలారం కంటే బాగా గుర్తుంటుంది. ఏడు గదులుండే వారం డబ్బా వాడితే వేసుకున్నామా లేదా అనే గొడవ ఉండదు, ఆ రోజు గది ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే. ఒక డోస్ మర్చిపోతే తర్వాతి డోస్‌తో కలిపి రెండూ మింగేయొద్దు. ఇంకో చిన్న విషయం, బ్రష్ కడిగే నీళ్ళూ తాగే నీళ్ళూ ఒకే రకం గ్లాసులో పెట్టుకోకండి. పని ధ్యాసలో చెయ్యి ఏ గ్లాసు మీదకి వెళ్తుందో తెలియదు. తాగేవి మూత ఉన్న సీసాలో, వేరే బల్ల మీద.

షుగర్ ఉంది. వాయిస్తూ కూర్చుంటే గంటలు గడిచిపోతాయి, లో అవుతుందేమోనని భయం.

ఆ భయం ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకీ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళకీ ఉండాలి. ఒక్క మెట్‌ఫార్మిన్ మీదే ఉన్నవాళ్ళకి లో అవడం అరుదు. షుగర్ 70 కంటే తగ్గితే లో అయినట్టు. చెమట, గుండెదడ, చేతుల వణుకు, కళ్ళు మసకబారడం మామూలు లక్షణాలు, కానీ పనిలో మునిగి ఉన్నప్పుడు ముందు కనిపించేది వేరేగా ఉంటుంది, బాగా వచ్చిన చోటే వేళ్ళు తప్పడం, అల్లికలో కుట్లు లెక్క మళ్ళీ మళ్ళీ తప్పడం, ఊరికే కోపం రావడం. అలా అనిపిస్తే ఇంకోసారి ప్రయత్నిద్దామని కూర్చోకుండా షుగర్ చూసుకోండి. తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్ గానీ పంచదార గానీ నీళ్ళలో కలుపుకుని తాగి, 15 నిమిషాలాగి మళ్ళీ చూసుకోండి, ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ తీసుకోండి. గ్లూకోజ్ ఎప్పుడూ చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి, పక్క గదిలో ఉంటే లాభం లేదు.

సాధన అవగానే బీపీ చూసుకుంటే ఎక్కువ చూపిస్తోంది, భయపడాలా?

అప్పుడే చూసుకోవద్దు. అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, వీపు ఆనించి, పాదాలు నేలకి ఆన్చి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి చూసుకోవాలి. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. అలా చూసినా రోజూ ఎక్కువే వస్తుంటే ఆ అంకెలు రాసుకుని డాక్టర్‌కి చూపించండి.

ఒకేసారి ఎంతసేపు కూర్చోవచ్చు? కూర్చుని చేసే హాబీ వల్ల కాళ్ళు పట్టేస్తున్నాయి.

అరగంటకోసారి లేచి నిలబడండి. టైమర్ పెట్టుకోవడం ఇష్టం లేకపోతే కావాల్సిన సామాన్లలో ఒకటి దూరంగా పెట్టుకోండి, దారం ఉండ ఇంకో గదిలో ఉంటే లేవక తప్పదు. లేచేటప్పుడు ఒక్కసారిగా లేవొద్దు, పెద్దవయసులో ముఖ్యంగా బీపీ మందులు వాడేవాళ్ళకి నిలబడగానే బీపీ పడిపోయి కళ్ళు తిరిగే అవకాశం ఉంటుంది, కుర్చీలోనే మడమలు నాలుగైదుసార్లు ఎత్తి దించి అప్పుడు లేవండి. కళ్ళకి ప్రతి 20 నిమిషాలకీ 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూస్తే లాగడం తగ్గుతుంది.

ఒక మాట మాత్రం మొహమాటం లేకుండా చెప్పాలి, కూర్చుని చేసే హాబీ వాకింగ్‌కి బదులు కాదు. 65 దాటినవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మాదిరి శ్రమ, రెండు రోజులు కండరాలకి బలమిచ్చే వ్యాయామం, మూడు రోజులు పడిపోకుండా నిలదొక్కుకునే వ్యాయామం చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. తోటపని, డాన్స్ అయితే అందులో కొంత కలిసొస్తుంది.

రాత్రి నిద్ర పట్టక లేచి రాసుకుంటుంటా, తప్పా?

పక్కమీద దొర్లుతూ బాధపడేకంటే లేచి మసక వెలుతురులో కాసేపు ఏదైనా చేసుకుని నిద్రొచ్చినప్పుడు పడుకోవడమే మంచిది. ఫోన్‌లో కాకుండా కాగితం మీద రాయండి. రోజూ ఇదే వరస అయితే మాత్రం చెప్పాలి, నొప్పి వల్లా, మూత్రానికి లేవడం వల్లా, గురక వల్లా, ఏదో మందు వల్లా అనేది చూడాల్సిన విషయం.

## చెయ్యి, కన్ను, చెవి, గొంతు

కాసేపు అల్లగానే బొటనవేలి మొదట్లో నొప్పి. మానేయమంటారా?

మానేయక్కర్లేదు, పట్టు మార్చాలి. బొటనవేలు మణికట్టుతో కలిసే చోట ఉండే కీలు అరగడం పెద్ద వయసులో చాలా మామూలు, సన్నటి వస్తువుని వేళ్ళ చివర్లతో గట్టిగా నొక్కి పట్టుకుంటే ఆ కీలు మీద భారం బాగా ఎక్కువ పడుతుంది. అందుకని పట్టుకునేది లావుగా ఉండాలి. క్రోషె సూదికి, పెన్సిల్‌కి, బ్రష్‌కి మెత్తటి ఫోమ్ గొట్టం తొడగండి, అది దొరక్కపోతే పాత బనియన్ గుడ్డని పట్టీలా చింపి పిడి బొటనవేలంత లావు అయ్యేదాకా బిగుతుగా చుట్టి, చివర దారంతో కట్టండి. గుడ్డ అయితే చెమటకి జారదు, మాసిపోతే మార్చుకోవచ్చు. మొదటి రెండు రోజులు చేతికి కొత్తగా ఉండి గీత లావుగా వస్తుంది, తర్వాత సర్దుకుంటుంది. అల్లేది ఒళ్ళో దిండు మీద పెట్టుకుంటే దాని బరువు మణికట్టు మోయాల్సిన పని ఉండదు. మొదలుపెట్టే ముందు అయిదు నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళలో చేతులు పెట్టండి.

ఎంత చేస్తే ఎక్కువైనట్టు అంటే, ఆపేశాక రెండు గంటలైనా నొప్పి పోకపోతే ఆ రోజు ఎక్కువ చేసినట్టు, మర్నాడు టైం తగ్గించండి, పూర్తిగా మానొద్దు. బొటనవేలికి పెట్టుకునే పట్టీలుంటాయి, ఫిజియోని అడగండి. నొప్పి కాకుండా బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతూ రాత్రుళ్ళు మెలకువ వస్తుంటే అది వేరు, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతున్నట్టు, దాన్ని ఆలస్యం చేస్తే బొటనవేలి కండ తగ్గిపోయి పట్టు పోతుంది కాబట్టి త్వరగా చూపించుకోండి.

చేతులు వణుకుతున్నాయి, గీత తిన్నగా రావట్లేదు. పార్కిన్సన్స్ అంటారా?

వణుకులన్నీ అదే కాదు. పని చేస్తున్నప్పుడు, అంటే పెన్ను పట్టుకున్నప్పుడు, గ్లాసు ఎత్తినప్పుడు వచ్చే వణుకు ఎక్కువగా ఎసెన్షియల్ ట్రెమర్ అనేది, ఇళ్ళల్లో వంశపారంపర్యంగా ఉంటుంది. చెయ్యి ఊరికే ఒళ్ళో పెట్టుకున్నప్పుడు ఒకవైపు వణుకుతూ, రాత అక్షరం అక్షరం చిన్నదైపోతుంటే పార్కిన్సన్స్ ఉందేమో చూడాలి. థైరాయిడ్ ఎక్కువైనా వణుకే, కొన్ని మందుల వల్ల కూడా వస్తుంది. న్యూరాలజిస్ట్ (నరాల డాక్టర్) దగ్గరికి వెళ్ళేటప్పుడు మీ పాత నోటు పుస్తకం, కొత్తది రెండూ పట్టుకెళ్ళండి, పాత బొమ్మలున్నా సరే, ఏడాది కిందటి గీతకీ ఇప్పటి గీతకీ తేడా చూపిస్తే ఎన్ని మాటలు చెప్పినా రాని స్పష్టత వస్తుంది. బొమ్మ వేసేటప్పుడు మోచెయ్యి, ముంజెయ్యి బల్లకి ఆన్చి, కొంచెం బరువున్న పెన్ను వాడండి, పెద్ద కాగితం మీద భుజం నుంచి చెయ్యి కదిపి గీస్తే సన్నటి వణుకు అంతగా కనపడదు.

శుక్లాల ఆపరేషన్ అయ్యాక రంగులన్నీ వేరుగా కనిపిస్తున్నాయి, నా పాత బొమ్మలు పచ్చగా ఉన్నాయి. ఏదైనా తేడా చేసిందా?

తేడా ఏం చెయ్యలేదు, ఇప్పుడు కనపడేదే అసలు రంగు. వయసుతో కంటి లెన్స్ పసుపెక్కుతూ వస్తుంది, నీలం, ఊదా రంగులు కొంచెం కొంచెంగా తగ్గిపోతుంటాయి, నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి మనకి తెలియదు. లెన్స్ మార్చగానే నీలం ఒక్కసారి వెనక్కి వస్తుంది. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనేకి 1923లో కుడికంటికి శుక్లాల ఆపరేషన్ జరిగింది, ఆయన కూడా రంగుల తేడాతో చాలా ఇబ్బందిపడ్డారు. పాత బొమ్మల్ని వెంటనే సరిచేసేయకండి, కన్ను కుదురుకోనివ్వండి.

ఆపరేషన్ ఇంకా కానివాళ్ళు ముందే కంటి డాక్టర్‌కి మీరు ఎంత దూరంలో పనిచేస్తారో చెప్పండి. కుట్టుపని చెయ్యి దగ్గర, కాన్వాస్ చెయ్యి చాపినంత దూరం, సంగీతం నోట్స్ స్టాండ్ దగ్గర. పెట్టే లెన్స్ ఏ దూరానికి అనేది దాన్నిబట్టి నిర్ణయించుకోవచ్చు. టేపుతో కొలిచి ఆ అంకె రాసుకెళ్తే ఇంకా మంచిది. ఆపరేషన్ తర్వాత చుక్కలమందు కొన్ని వారాలు వేసుకోవాలి, ఆ రోజుల్లో మట్టిపని, చెక్క గీకడం, దుమ్ము లేచే పనులు వద్దు.

లైట్ ఎంత వేసినా చాలట్లేదు.

60 దాటాక కంటిపాప చిన్నదవుతుంది, లెన్స్ మసకబారుతుంది, 20 ఏళ్ళ వాళ్ళ కంటి లోపలికి చేరే వెలుతురులో సుమారు మూడో వంతే మనకి చేరుతుంది. పైన ట్యూబ్‌లైట్ పెద్దది పెట్టించినంత మాత్రాన సరిపోదు, పని మీద పడేలా మెడ తిప్పగలిగే బల్లదీపం కావాలి, కుడిచేతివాటం వాళ్ళకి ఎడమవైపు నుంచి రావాలి, లేకపోతే మీ చేతి నీడే పని మీద పడుతుంది. నల్లదారం కుట్టేటప్పుడు ఒళ్ళో తెల్లగుడ్డ పరుచుకోండి, తెల్లదారమైతే ముదురు గుడ్డ. ఉన్నట్టుండి మెరుపులు, నల్లచుక్కల వాన, పక్కనుంచి తెర కమ్మినట్టు అనిపిస్తే అది లైట్ సమస్య కాదు, అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్ళండి.

చెవి మిషన్ పెట్టుకున్నాక మాటలు వినపడుతున్నాయి కానీ పాట రేకుడబ్బాలో పాడినట్టుంది.

ఎందుకంటే ఆ మిషన్ మాటలు వినడానికి ట్యూన్ చేసి ఉంటుంది. సాగదీసిన స్వరాన్ని అది అక్కర్లేని చప్పుడనుకుని తగ్గించేస్తుంది, కూత వస్తోందనుకుని నొక్కేస్తుంది. సంగీతానికి వేరే ప్రోగ్రామ్ పెట్టమని ఆడియాలజిస్ట్‌ని, అంటే వినికిడి పరీక్షించి మిషన్ సరిచేసేవాళ్ళని అడగండి, అందులో ఈ రెండూ తగ్గించి పెడతారు. కుదిరితే మీ వాయిద్యం అక్కడికే తీసుకెళ్ళి వాయించి చూపించండి. మెదడు కొత్త శబ్దానికి అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులకే తీసి డబ్బాలో పెట్టేయకండి. వినికిడి తగ్గిందని తీసి పక్కన పెట్టిన హార్మోనియంలు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఒక్క సెట్టింగ్ మారిస్తే చాలామంది మళ్ళీ పాడుకోగలరు.

గొంతు సన్నబడింది, పైస్థాయి అందట్లేదు. పాడడం ఆపేయాలా?

శ్రుతి తగ్గించుకోండి. స్వరతంత్రుల కండ వయసుతో పలచబడుతుంది, పైస్థాయి కోసం అరిచి లాగితే బొంగురు మిగులుతుంది. నీళ్ళు బాగా తాగండి, స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడేవాళ్ళు ప్రతిసారీ నోరు పుక్కిలించండి. మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే గొంతు డాక్టర్‌కి చూపించండి.

రంగులు, మట్టి, మొక్కలు, వీటిల్లో ఒంటికి పడనివి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. ఆయిల్ పెయింట్‌కి వాడే టర్పెంటైన్ ఆవిరి మూసిన గదిలో పీల్చొద్దు, ఆస్తమా ఉన్నవాళ్ళు నీటి రంగులకో యాక్రిలిక్‌కో మారితే మంచిది. బ్రష్ మొన నోట్లో పెట్టి సన్నం చేసే అలవాటుంటే మానండి, కొన్ని రంగుల్లో కాడ్మియం లాంటి లోహాలుంటాయి. మట్టిబొమ్మలు చేసేవాళ్ళు ఎండిన మట్టిని చీపురుతో ఊడవకండి, అందులో సిలికా ఊపిరితిత్తులకి చేటు, తడిగుడ్డతో తుడవండి. మొక్కల పని చేసేవాళ్ళు ధనుర్వాతం టీకా పదేళ్ళకోసారి వేయించుకున్నారో లేదో చూసుకోండి, షుగర్ ఉంటే చెప్పుల్లేకుండా మట్టిలోకి దిగొద్దు, కాళ్ళు మొద్దుబారి ఉంటే ముల్లు గుచ్చుకున్నా తెలియదు.

## ఆసుపత్రి రోజుల్లో

ఆపరేషన్ ఉంది. ఎన్నాళ్ళు ఆపాలి?

"ఎప్పుడు మామూలవుతాను" అని అడిగితే "కొన్నాళ్ళు పడుతుంది" అనే సమాధానమే వస్తుంది. "కుడిచెయ్యి భుజం ఎత్తుకి ఎత్తి అరగంట పని చెయ్యడం ఎప్పట్నుంచి మొదలుపెట్టొచ్చు" అని అడగండి, అప్పుడు తేదీతో సహా చెప్తారు. ఈలోపు పడుకుని చేసేది ఒకటి సిద్ధంగా పెట్టుకోండి. ఫ్రెంచి చిత్రకారుడు హెన్రీ మాటిస్‌కి 1941లో కేన్సర్‌కి పెద్ద ఆపరేషన్ జరిగాక ఎక్కువసేపు నిలబడి పెయింటింగ్ చెయ్యడం కష్టమైంది, సహాయకులు రంగులద్దిన కాగితాలిస్తే కత్తెరతో కత్తిరించి, ఎక్కడ అతికించాలో మంచం మీంచో చక్రాల కుర్చీలోంచో చెప్పేవారు. ఆ కాగితం బొమ్మలే ఆయన చివరి పదేళ్ళలో ముఖ్యమైన పని. మీరైనా అంతే, నిలబడి చేసేది కూర్చుని, కూర్చుని చేసేది పడుకుని ఎలా చెయ్యొచ్చో ఆపరేషన్‌కి ముందే ఆలోచించుకోండి, తర్వాత ఆలోచించే ఓపిక ఉండదు.

డాక్టర్ కోసం గంటలు గంటలు కూర్చోవాలి, ఆ టైం అంతా వేస్టే.

చిన్న నోటుబుక్, పెన్సిల్ ఫైల్‌లోనే పెట్టి ఉంచండి. ఎదుటి కుర్చీలో మనిషి చెయ్యి, చెప్పులు, గొడుగు, ఏదో ఒకటి గీయండి, మొహాలు మాత్రం వద్దు, ఆ టైంలో ఎవరికీ నచ్చదు. అల్లేవాళ్ళు చిన్న ముక్కలుగా అల్లి తర్వాత కలుపుకునే డిజైన్ పట్టుకెళ్ళండి.

స్ట్రోక్ వచ్చి కుడిచెయ్యి పనిచెయ్యట్లేదు, మాట కూడా సరిగా రావట్లేదు. ఇంక హాబీ ఏముంటుంది?

మొదట ఫిజియోకి మీరు దేనికోసం ఆ చెయ్యి కావాలనుకుంటున్నారో చెప్పించండి. బంతి నొక్కమంటే విసుగొచ్చే మనిషి బ్రష్ పట్టుకోమంటే పదిసార్లు ప్రయత్నిస్తారు. ఎడమచేత్తో కూడా మొదలుపెట్టొచ్చు, కాగితం జారకుండా బల్లకి టేపు వేస్తే ఒంటిచేత్తో గీయడం కుదురుతుంది. మాట పోయినవాళ్ళలో కొంతమంది వాక్యం చెప్పలేకపోయినా తెలిసిన పాటని మాటలతో సహా పాడగలుగుతారు, మాటకీ పాటకీ మెదడు వాడే దారులు పూర్తిగా ఒకటి కావు, స్పీచ్ థెరపీలో రాగంతో మాట నేర్పే పద్ధతి కూడా ఉంది. కాబట్టి ఆ మనిషికి బాగా వచ్చిన పాట పక్కన కూర్చుని మీరు ఎత్తుకోండి, అందుకుంటారేమో చూడండి.

## ఇంట్లో వాళ్ళు, మనసు

పిల్లలు "ఈ వయసులో ఇవన్నీ ఎందుకమ్మా, రెస్ట్ తీసుకో" అంటున్నారు.

వాళ్ళ భయం పడిపోతారేమో, అలసిపోతారేమో అని. దానికి వాదించేకంటే గది చూపించండి, నేల మీద వైర్లు లేవు, స్టూలెక్కే పని లేదు, సామాన్లు నడుము ఎత్తులో అలమారాలో ఉన్నాయి, ఫోన్ పక్కనే ఉంది. అది చూశాక చాలామంది మెత్తబడతారు. "నాకిది కావాలిరా" అని కూడా ఒకసారి గట్టిగా చెప్పండి, పెద్దవాళ్ళు తమకి కావాల్సింది నోరు తెరిచి అడగరు, అందుకే పిల్లలకి తెలియదు.

మావారికి మతిమరుపు జబ్బు, నేనే చూసుకోవాలి. నా కుట్లూ అల్లికలూ గుర్తొస్తే తప్పు చేస్తున్నట్టుంటుంది.

తప్పు కాదమ్మా. ఏళ్ళ తరబడి ఒకళ్ళని చూసుకునేవాళ్ళకే బీపీ, దిగులు, నిద్రలేమి వస్తాయి, మీరు పడిపోతే ఆయన్ని చూసేవాళ్ళుండరు. వారానికి రెండుసార్లు గంటన్నరసేపు ఎవరో ఒకరు వచ్చి ఆయన దగ్గర కూర్చునే ఏర్పాటు చేసుకోండి, ఆ టైంలో ఇంటి పనులు చెయ్యకుండా మీ పనే చేసుకోండి. మిగతా రోజుల్లో ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని దారం ఉండలు చుట్టమనండి, రంగులవారీగా వేరు చెయ్యమనండి, తప్పుగా చేసినా సరిదిద్దొద్దు. కత్తెర, సూదులు మాత్రం మీ దగ్గరే ఉండాలి.

ఇదివరకు ప్రాణంగా చేసిందే ఇప్పుడు ముట్టుకోబుద్ధి కావట్లేదు. వయసు వల్లేనా?

వయసు వల్ల వేగం తగ్గుతుంది గానీ ఇష్టం చచ్చిపోదు. రెండు వారాలకి మించి దేనిమీదా ఆసక్తి లేకపోతే, నిద్ర, ఆకలి కూడా మారితే అది డిప్రెషన్ కావచ్చు, దానికి మంచి చికిత్స ఉంది. థైరాయిడ్ తగ్గినా, విటమిన్ బీ12 తగ్గినా, వినికిడి తగ్గినా కూడా ఇలాగే ఉంటుంది. ఇంట్లోవాళ్ళు దీన్ని "ముసలితనం కదా" అని వదిలేస్తుంటారు, దయచేసి అలా వదిలేయకండి. బతకాలని లేదు అనే మాట ఎవరి నోట వచ్చినా ఆ రోజే డాక్టర్‌కి చెప్పాలి.

ఇంక ఓపిక లేదు, సామానంతా ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నా.

అంతా ఇవ్వకండి. 18వ శతాబ్దపు ఇంగ్లండులో మేరీ డెలానీ అనే ఆవిడ 70 దాటాక రంగు కాగితాలు కత్తిరించి పూల బొమ్మలు అతికించడం మొదలుపెట్టి దాదాపు వెయ్యి చేశారు, చూపు తగ్గాకే ఆపారు, ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆపాల్సిన రోజు ఎవరికైనా రావచ్చు. కానీ ఓపిక లేదన్నంత మాత్రాన ఆ రోజు వచ్చేసినట్టు కాదు, రక్తం తగ్గిందేమో, గుండె బలహీనపడిందేమో, ఏదైనా మందు మత్తు తెస్తోందేమో ముందు చూపించుకోండి. రాసేవాళ్ళు ఫోన్‌కి చెప్పి రాయించుకోవచ్చు, బొమ్మలు వేసేవాళ్ళు రంగులు చెప్తే మనవరాలు అద్దొచ్చు, అల్లలేకపోయినా ఎక్కడ కుట్టు తప్పిందో వేలితో తడిమి చెప్పగలరు.

పెద్ద సామాను ఇచ్చేయండి, ఒక చిన్న పెట్టె ఉంచుకోండి, ఆరు రంగులు, ఒక బ్రష్, పోస్టుకార్డు సైజు కాగితాలు, మంచం పక్కనే. ఇచ్చేది కూడా సామానుగా మూటగట్టి పంపకుండా తీసుకునేవాళ్ళని ఇంటికి రమ్మని, ఏ బ్రష్ దేనికి వాడతారో, ఎలా కడిగి ఆరబెట్టాలో ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చూపించి ఇవ్వండి. ఒక్కరోజులో తెమలదు, రెండు మూడుసార్లు రావాల్సి వస్తుంది, రానివ్వండి.